నిలబడి జరిపిన గ్రామసభ

శ్రీకాకుళం,
ఏప్రిల్ 20, 2015.

చిరంజీవి నరసింగరావుకు,

ఇంటర్మీడియట్‌లో నీకు పౌరశాస్త్రం చెప్పిన రాహేలు మేడమ్ ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నా మోకాళ్ళు, నా కిటికీ కింద ఎండలకు సన్నబడిన నాగావళి, అందరమూ ఉన్నంతలో బాగానే ఉన్నాం. విశాఖపట్నంలో నువ్వూ నీ కుడికాలూ మాకంటే బాగుండాలని కోరుకుంటున్నాను. నిన్న ఆదివారం మా బాప్టిస్టు సంఘంలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయించాను. నువ్వు ఏ దేవుడికి మొక్కుతావో పాస్టరుగారికి తెలుసు. విరిగిన ఎముకకు ఆ తేడా తెలియదని ఆయనే అన్నారు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోనులో అయితే మాట పూర్తికాకుండానే నువ్వు అడ్డం వస్తావు. క్లాసులోనూ నీది అదే అలవాటు. ఉత్తరంతో ఆ ఇబ్బంది లేదు, చివరిదాకా చదివితే గాని జవాబు చెప్పలేవు. మా తమ్ముడి కొడుకు స్టాన్లీ రేపు ఉదయం విశాఖ వస్తున్నాడు. వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను.

నువ్వు నాకు అప్పగించిన పని సంగతి మొదట చెప్పాలి. పద్నాలుగో తేదీన మీ ఊళ్ళో జరగవలసిన గ్రామసభను నువ్వు వచ్చేదాకా వాయిదా వేయించమన్నావు. పద్మకుమారికి భయం ఎక్కువనీ, నలుగురిలో మాట పెగలదనీ, నేను చెబితే వింటుందనీ అన్నావు. నేను సరేనన్నానని నువ్వు అనుకుని ఉంటావు. నేనన్నది “వెళ్ళి చూస్తాను” అని మాత్రమే. వెళ్ళాను, చూశాను. చూసినదే రాస్తున్నాను.

నువ్వెరిగిన సంగతులనే ముందు వరసలో పెడతాను. విడివిడిగా కనపడనివి వరసలో పెడితే కనపడతాయని మీకు బల్ల మీద గీసి చూపించేదాన్ని కదా.

రెండేళ్ల కిందటి పంచాయతీ ఎన్నికల్లో మీ ఊరి సర్పంచి స్థానం మహిళకు రిజర్వయింది. అప్పటిదాకా దాని మీద ఆశ పెట్టుకున్నది నువ్వు. ఆశ చంపుకోలేక భార్య పద్మకుమారి చేత నామినేషన్ వేయించావు. అందులో నిన్ను తప్పుపట్టను. చట్టం తలుపు తెరిచినప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాలి. ఆమె గెలిచింది. మీ అన్నయ్య జగన్నాధం వార్డు సభ్యుడుగా గెలిచి ఉపసర్పంచి కూడా అయ్యాడు. చిక్కు అక్కడ వచ్చింది. మీ ఇళ్ళల్లో బావగారి ఎదుట తమ్ముడి భార్య కూర్చోదు. ఆయనతో ముఖాముఖి మాట్లాడదు. తప్పనిసరైతే పక్కనున్న పిల్లకో గోడకో చెప్పినట్టు చెబుతుంది. సర్పంచీ ఉపసర్పంచీ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారని అనుకున్నవాళ్ళకు మీ ఇంటి వరసలు ఏం తెలుసు?

మొదటి సమావేశం రోజున పద్మకుమారి కుర్చీ దాకా వచ్చింది. పక్క కుర్చీలో బావగారిని చూసి, బడి గది తలుపు చాటుకు వెళ్ళిపోయింది. సభలో నడిమి కుర్చీ ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగాలేదని ఎవరో అన్నారు. ఈ పూటకి నేను కూర్చుంటానని నువ్వు కూర్చున్నావు. ఆ పూట ఇంతవరకూ గడవలేదు. కార్యదర్శి పృథ్వీరాజ్ మినిట్సు పుస్తకం పట్టుకుని తలుపు చాటుకు వెళ్ళి ఆమె సంతకం తెచ్చుకోవడం వాడుకైపోయింది. నిన్ను చూసి, మిగతా మహిళా సభ్యుల భర్తలు కూడా ఒక్కొక్కరే ముందు వరస కుర్చీల్లోకి చేరారు. ఆ సభ్యులేమో వెనక చాపల మీదికి చేరారు. చివరికి మీ ఊరి పంచాయతీలో ఆడవాళ్ళకిచ్చిన సగం స్థానాలూ చాపల మీద ఉన్నాయి.

నువ్వు అధికారం మీద యావతో కూర్చోలేదని నాకు తెలుసు. మొహమాటం కొద్దీ కూర్చున్నావు. అన్నయ్య మనసు నొప్పించకూడదని, భార్యను ఇరుకున పెట్టకూడదని, కుర్చీని ఖాళీగా ఉంచకూడదని. ఇంత పెద్ద చట్టాన్ని ఓడించడానికి దుర్మార్గులు అక్కరలేదు నాయనా, మొహమాటస్తులు చాలు.

ఇక బోరు సంగతి. మీ ఊరికి ఈ ఏడు వచ్చేది ఒక్క బోరు. అది కొత్తకాలనీలో వేయిస్తానని నువ్వు మాటిచ్చావు. పెద్దవీధిలో, తన ఇంటి మలుపులో పడాలని మీ అన్నయ్య పట్టు. ఎక్కడ వేయాలో గ్రామసభ తీర్మానించాలి. ఆ పని మీదే మండలాఫీసుకు వెళ్ళి వస్తూ, కంకర మీద బండి జారి కాలు విరగ్గొట్టుకున్నావు. సభకు సర్పంచి రాకపోతే అధ్యక్షత ఉపసర్పంచిది, అంటే బోరు పెద్దవీధిది. అసలు సభే జరపకపోతే పద్మకుమారి పదవికే ముప్పు. వాయిదా అని నువ్వు సులువుగా అన్న మాటకు అర్థం ఇది. నీకు ఈ పాఠం నేనే చెప్పాను, నువ్వు మంచి మార్కులు కూడా తెచ్చుకున్నావు.

పదమూడున మధ్యాహ్నం బస్సు దిగి మీ ఇంటికి వెళ్ళాను. మీ అమ్మ చిన్నతల్లి చోడంబలి, ఉల్లిపాయ ఇచ్చి, నీ కాలి గురించి నాకు తెలిసిన దానికంటే ఎక్కువ నన్నే అడిగింది. పద్మకుమారి పెరట్లో పశువులకు కుడితి పెట్టి చేతులు కడుక్కుని వచ్చింది. ఇంకేముంది, నేను పాఠం మొదలుపెట్టాను. డెబ్బై మూడో సవరణ నుంచి మొదలుపెట్టి, ఆ కుర్చీ ఆమెదెలా అయిందో, దానిలో కూర్చోవడం ఆమె హక్కే కాదు బాధ్యత కూడా ఎలా అవుతుందో చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. మధ్యలో అడ్డం రాలేదు. ఆ మాటకొస్తే నీకంటే మంచి విద్యార్థి.

విన్న తరువాత అంది:

“సట్టం నన్ను కూకోమంటాది, నిజమే మేడమ్. నాను కూకున్నాననుకోండి. రేపు ఊరంతా అదే ముచ్చట. కోడలు బావగారి ముందర కూకున్నాదట, సిగ్గొగ్గేసినాదట అని. బోరు సంగతి ఇంకెవులికీ పట్టదు. కుర్సీ గొడవలో బోరు ఎల్లిపోతాది.”

నాకు కోపం వచ్చింది. భయానికి తెలివి ముసుగు వేస్తున్నావని ముఖం మీదే అన్నాను. ఆమె నొచ్చుకున్నట్టు కనపడలేదు. పైటకొంగు సర్దుకుని ఒక్క ప్రశ్న అడిగింది. సభకు అధ్యక్షురాలు కూర్చునే ఉండాలని ఎక్కడైనా రాసి ఉందా అని. నేను చాలాసేపు ఆలోచించాను. అధ్యక్షత వహించాలని ఉంది గాని, కూర్చుని వహించాలని నేను చదివినంతలో ఎక్కడా లేదని చెప్పాను. “సాలు మేడమ్” అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. రాత్రి మీ అమ్మ పక్కన మంచం మీద పడుకుని, ఈ ప్రయాణం దండగ అనుకున్నాను.

మర్నాడు బడి ఆవరణలో పందిరి వేశారు. అంబేద్కర్‌గారి పటానికి దండ వేశారు. మీ అన్నయ్య తెల్ల పంచెతో, కండువాతో వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పక్కది ఖాళీ. ముందు వరసలో మామూలుగానే సభ్యుల భర్తలు. రెండో వార్డు సభ్యురాలు పార్వతి భర్త గంగులు కాలు మీద కాలు వేసుకుని, సర్పంచిగారు ఆసుపత్రిలో ఉండగా ఈ సభ ఏమిటని అందరికీ వినపడేలా అన్నాడు. సర్పంచి అని అతనన్నది నిన్ను. అప్పుడే పద్మకుమారి బడి గది గుమ్మం దాటి వస్తోంది.

“కాలిరిగింది మా ఆయనకి గంగులు మావా. సర్పంచికి రెండు కాల్లూ బాగానే ఉన్నాయి” అంది.

జనం నవ్వారు. గంగులు కూడా నవ్వబోయి ఆగాడు.

ఆమె తిన్నగా వచ్చి ఖాళీ కుర్చీ పక్కన నిలబడింది. కూర్చోలేదు. తల మీది కొంగు తీయలేదు. మీ అన్నయ్య వైపు చూడలేదు. మీ ఇంటి పద్ధతికి వెంట్రుకవాసి కూడా లోటు రాలేదు. ఆయన ఊరి వైపు తిరిగి, అమ్మాయికి ఇబ్బందిగా ఉంది కాబట్టి అధ్యక్షత తాను వహిస్తానని చెప్పడం మొదలుపెట్టాడు. పద్మకుమారి కార్యదర్శితో అంది: “సభ మొదలెట్టండి బాబూ. అధ్యక్షురాల్ని నాను. నిలబడే జరుపుతాను.”

పృథ్వీరాజ్ అప్పటికే కూర్చుని పుస్తకం తెరిచాడు. సర్పంచి పక్కన నిలబడి ఉండగా తాను కూర్చోవడం అతనికి కుదరలేదు, లేచాడు. మండలాఫీసు నుంచి వచ్చిన అధికారి అటూ ఇటూ చూసి, ఆయనా లేచాడు. చాపల మీద సభ్యురాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. అప్పుడు కొత్తకాలనీ జగ్గమ్మ, నువ్వెరిగినదే, గొంతు తగ్గించి మాట్లాడటం చేతకాని మనిషి, వెనక్కి తిరిగి అంది: “సర్పంచమ్మ నిలబడుంటే మనం కూకుంటే బాగుంటాదేటే? లెగండే.”

ఆడవాళ్ళందరూ లేచారు. ఆడవాళ్ళు లేచాక కూలికి సెలవు పెట్టి వచ్చిన మగవాళ్ళు లేచారు. కుర్చీల్లో ఉన్న భర్తలు కొంతసేపు ఓర్చుకున్నారు. వెనకనుంచి జనం మీదికి వంగి వింటుంటే మెడలు తిప్పలేక వాళ్ళూ లేచారు. నేనూ లేచాను. నా మోకాళ్ళు ఏ ధైర్యంతో ఒప్పుకున్నాయో తెలియదు.

మీ అన్నయ్య ఒక్కడే కూర్చున్నాడు.

పృథ్వీరాజ్ గత సభ సంగతులు చదువుతున్నాడు. పందిరి తాటాకుల సందుల్లోంచి ఎండ సూదుల్లా దిగుతోంది. మామూలుగా ఉన్నతాసనం మీద కూర్చున్నవాడు పెద్దమనిషిలా కనిపిస్తాడు. చుట్టూ ఊరంతా నిలబడి, మధ్యలో ఒక్కడే కూర్చుంటే, తగవులో దొరికిపోయినవాడిలా కనిపిస్తాడు. జగన్నాధం ఒకసారి లేవబోయాడు. లేస్తే కోడలి కోసం లేచినట్టవుతుందని కాబోలు, మళ్ళీ కూర్చున్నాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఆయన మీద నాకు జాలి కలిగింది. ఆయనా నీలాగే ఆ పద్ధతికి కట్టుబడిన మనిషి. ఆ పద్ధతే ఆయన్ని ఆ కుర్చీలో కట్టిపడేసింది. లేవలేడు, కూర్చోలేడు.

కడకు గొంతు సవరించుకున్నాడు. పృథ్వీరాజ్ చదవడం ఆపాడు.

“ఊరు ఎండలో నిలబడిపోనాది. కూకో అమ్మీ” అన్నాడు.

పద్మకుమారి అప్పుడు ఆయన వైపు తిరిగింది. గోడకు కాదు, పిల్లకు కాదు, ఆయనకే చెప్పింది. మీ ఇంటికి కోడలుగా వచ్చిన తరువాత ఆయనతో ఆమె అన్న మొదటి మాట అదేనని మీ అమ్మ తరువాత నాతో చెప్పింది.

“ఉపసర్పంచిగారిగా సెప్తన్నారా, బావగారిగా సెప్తన్నారా?”

ఆయన కొంచెం ఆలోచించాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వని నేను ప్రమాణం చేయలేను.

“ఇద్దరమూ సెప్తన్నాం. కూకో” అన్నాడు.

కూర్చుంది. అమ్మయ్య అనుకుని మేమందరం కూర్చోబోయాం. ఆమె చెయ్యెత్తి ఆపింది. సభ్యులు తమ పేర్లు పిలిచాకే కూర్చోవాలంది. పృథ్వీరాజ్ వార్డు సభ్యుల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే, పిలిపించుకున్నవాళ్ళు వచ్చి ముందు వరస కుర్చీల్లో కూర్చోవాలంది. నరసింగరావూ, ఒకసారి అందరూ లేచాక ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది మళ్ళీ కొత్తగా తేలవలసిందే కదా! ఆ సంగతి నాకు తట్టింది అప్పుడే. ఆమెకు ముందురోజు రాత్రి పొయ్యి దగ్గర తట్టిందో, అప్పటికప్పుడు తట్టిందో అడిగాను. నవ్వి ఊరుకుంది.

మొదటి పేరు పిలిచారు, వచ్చి కూర్చుంది. రెండో పేరు పార్వతి. గంగులు కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఆవిడ బదులు తాను ఎప్పుడూ వస్తున్నదే కదా అన్నాడు. జగ్గమ్మ వెనకనుంచి, “బదులుకి ఓటెయ్యనేదు మావా నాము, పార్వతికేసినాం” అంది. గంగులు భుజం మీది తువ్వాలు తీసి ఆ కుర్చీని రెండుసార్లు దులిపి పక్కకు తప్పుకున్నాడు. కోపంతో దులిపాడో, భార్య కోసం దులిపాడో నాకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు. పార్వతి కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. భర్తలు చాపల మీదికి వెళ్ళారు. చాపల మీద గాలి బాగా వస్తుందని వాళ్ళకు నేనే చెప్పాను.

బోరు మీద చర్చ చాలాసేపు జరిగింది. మీ అన్నయ్య బాగా వాదించాడు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి. కరెంటు స్తంభం పెద్దవీధిలో ఉంది, కాలనీకి తీగ లాగడం ఖర్చు, ఆలస్యం అన్నాడు. పద్మకుమారి ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగింది. బావగారు చెప్పింది నిజమేనని ఒప్పుకుంది కూడా. తరువాత, “స్తంభం ఒక్కసారి ఏస్తే సాలు. బిందెలు రోజూ మొయ్యాల” అంది. అంతకుమించి ఏమీ అనలేదు. చేతులెత్తమంది. కొత్తకాలనీకే ఎక్కువ చేతులు లేచాయి. పెద్దవీధి ఆడవాళ్ళవి కూడా కొన్ని ఉన్నాయి. మీ వదినగారి చెయ్యి సగం లేచి దిగిపోవడం నేను చూశాను, మీ అన్నయ్య చూడలేదు. నువ్వూ ఆయనకు చెప్పకు.

తీర్మానం కింద పద్మకుమారి అందరి ఎదుటా బల్ల మీద సంతకం చేసింది. జగన్నాధం కూడా చేశాడు. చేస్తూ, “రాతలో తప్పుల్లేకుండా సూసుకోండి, పైనోల్లు తిప్పి పంపగలరు” అని పృథ్వీరాజ్‌ను హెచ్చరించాడు. ఓడిపోయిన మనిషి ఆ మాట అనడం నాకు నచ్చింది.

ఇదంతా చదివి, మేడమ్ ఆమె పద్ధతికి లొంగిపోయిందని అనుకోకు. నా అభిప్రాయం మారలేదు. ఆమె వచ్చీ రాగానే కూర్చోవలసింది. తన కుర్చీలో కూర్చోమని ఇంకొకరు అనేదాకా ఆగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ రోజు జగన్నాధం మొండికేసి ఉంటే ఏమయ్యేది? ఈ మాట పద్మకుమారితోనూ అన్నాను. నిలబడే ముగించేదాన్నని జవాబిచ్చింది. నేను కాలేజీలో ఇన్‌చార్జి ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో, అటెండరు ఫైళ్ళన్నీ నా గది దాటించి చరిత్ర లెక్చరరు బల్ల మీద పెట్టేవాడు. ఆయన వయసులో నాకంటే చిన్న, కాకపోతే మగవాడు. నేను ఎవరినీ ఏమీ అనలేదు. రోజూ ఆయన గదికి వెళ్ళి, ఆయన్ని లేవమని, ఆయన కుర్చీలో కూర్చుని నా ఫైళ్ళ మీద సంతకాలు చేసేదాన్ని. ఆ నెల తిరక్కుండా ఫైళ్ళు దారి మార్చుకున్నాయి. నా పద్ధతి అది. ఆమె పద్ధతి ఇది. నేను ఒంటరిగా బతికినదాన్ని, సాయంత్రం ఇంటికి వెళితే నాకు బావగారు ఎదురుపడడు. ఆమె సభ ముగించి వెళ్ళి, అదే బావగారికి అన్నం వడ్డించాలి. ఆ తేడాను నేను పాఠంలో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చింది. నడుస్తూ నడుస్తూ, “ఆయన నేకపోబట్టి జరిగినాది గదా మేడమ్” అంది. వెంటనే నాలుక కరుచుకుంది. నువ్వు ఆసుపత్రిలో నొప్పితో ఉండగా ఆ మాట ఎలా వచ్చిందని తనను తానే తిట్టుకుని కళ్ళు తుడుచుకుంది. రెండూ నిజాలే, నరసింగరావూ. నువ్వు లేకపోబట్టే జరిగింది. నువ్వు లేనందుకు ఆమె బాధపడుతోంది. ఈ రెండు నిజాలనూ ఒకే చోట పెట్టుకోవడం నీకు కష్టంగా ఉంటుంది. మంచివాళ్ళకే ఇది ఎక్కువ కష్టం.

అందుకే నీతో ఒక మాట. ఈ శుక్రవారం నిన్ను ఇంటికి పంపుతారట. చంకలో కర్రతో వస్తావు. ఈసారి సభకు నువ్వు కుంటుకుంటూ వస్తే ఊరు ఊరంతా లేచి నీకు దారి ఇస్తుంది. కాలు బాగాలేదు, కూర్చో బాబూ అంటారు. ఎవరో ఒకరు నడిమి కుర్చీ లాగి వేస్తారు. అందరికంటే ముందు పద్మకుమారే లేచి వేస్తుంది, నీ మీద ప్రేమ కొద్దీ. అందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు. పోయినసారి నువ్వు మొహమాటంతో కూర్చున్నావు, ఈసారి ఊరు నిన్ను జాలితో కూర్చోబెడుతుంది. ఒకసారి కూర్చున్నావంటే, ఎండలో నిలబడి ఆమె సంపాదించుకున్నదంతా ఆ ఒక్క క్షణంలో పోతుంది. నిన్ను నిలబడమని నేను అనలేను, ఆ కాలితో ఎలా నిలబడతావు? ఇంటి నుంచి ఒక ముక్కాలిపీట తెప్పించుకో. దాన్ని ఎక్కడ వేస్తున్నారో చూసుకుని కూర్చో. చాపల పక్కన, గంగులు పక్కన కూర్చో. అతనికీ తోడు కావాలి.

నువ్వు నాకు ఇష్టమైన విద్యార్థివి. ఊరికోసం కాలు విరగ్గొట్టుకునే మనుషులు ఎక్కువమంది ఉండరు. ఆమె గెలుపు వెనుక నీ చెప్పులరుగుదల ఎంత ఉందో నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఇక ముందు కూడా కాగితాలు పట్టుకుని ఆఫీసులు తిరుగు, ఎవరూ వద్దనరు. ఆమె బండి వెనక ఎక్కితే నువ్వు నడుపు. మాట మాత్రం ఆమెను మాట్లాడనివ్వు. మొదట్లో తడబడుతుంది. నువ్వు కూడా నా క్లాసులో మొదటిసారి లేచి మాట్లాడినప్పుడు తడబడ్డావు. నేను నీ బదులు మాట్లాడలేదు, ఆగాను.

మందులు వేళకు వేసుకో. నర్సులతో వాదించకు. దేవుని కృప నీకు, మీ ఇంటిల్లిపాదికీ తోడుగా ఉండాలి.

ఇట్లు,
నీ మేలు కోరే,
రాహేలు మేడమ్.

తా.క.: అసలు చెప్పవలసిన మాట ఇంతవరకూ చెప్పలేదు. ఈ ఉత్తరమంతా దానికోసమే రాశాను.

శుక్రవారం నిన్ను తీసుకురావడానికి పద్మకుమారి రాదు. మీ అన్నయ్య కారు మాట్లాడుకుని వస్తున్నాడు. గుమ్మంలో నీకు దిష్టి మీ అమ్మ తీస్తుంది. ఆ రోజే మండల సమావేశం పెట్టారు. తీర్మానాన్ని సర్పంచి దగ్గరుండి ఒప్పించుకోకపోతే బోరు వేరే ఊరికి వెళ్ళిపోయేలా ఉందని పృథ్వీరాజ్ కబురు చేశాడు. సమావేశానికి తన బదులు ఇంకొకరిని పంపి, నీ దగ్గరికి వెళ్ళమని నేనే సలహా ఇచ్చాను. అవును, నేనే. మొన్న శనివారం మా ఇంటికి వచ్చి, ఎటూ తేల్చుకోలేక పొద్దు వాలేదాకా కూర్చుంది. తినమన్నది తినలేదు. చివరికి లేచి చెప్పులు తొడుక్కుంటూ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

“ఆయన కాలిరిగింది ఆ బోరు కోసమే మేడమ్. ఆయన్ని తెచ్చుకోడానికి ఎల్లి ఆ బోరు ఒగ్గేసినానంటే, రేపు ఆయన ముఖం ఎలా సూసేది? నానైతే ఫోనులో సెప్పనేను, ఏడుపొచ్చేస్తాది. మీరు రాయండి.”

రాశాను. కోపం వస్తే నా మీదే చూపించు. శుక్రవారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి వస్తుంది. వస్తూనే నీ కాలి సంగతి అడుగుతుంది. అంతకంటే ముందు నువ్వు బోరు సంగతి అడుగు.